పాఠశాలయు పద్యనాటకమును: బందరు, గుడివాడ, దివిసీమలలో రంగస్థలవిద్య

ఆంధ్ర నాటకరంగ చరిత్రమును గూర్చి వెలువడిన రచనలలో నాటకకర్తల పేర్లు కలవు. నటుల పేర్లు కలవు. సమాజముల పేర్లును, వానిని పోషించిన జమీందారుల పేర్లును కలవు. ఉపాధ్యాయుని పేరు మాత్రము అరుదు. ఎచ్చటనైన కనబడినను అతడు కవిగానో, నటుడుగానో, సంఘసంస్కర్తగానో కనబడును గాని, బడిపిల్లలకు పద్యము చెప్పి వారిని వేదిక యెక్కించినవాడుగా కనబడడు. ఇది చిన్న లోపము కాదు. కృష్ణానది సముద్రమును చేరు సీమలో, అనగా బందరు, గుడివాడ, దివి ప్రాంతములలో, సంగీతనాటకము ఒక తరమునుండి మరియొక తరమునకు సాగివచ్చిన మార్గమును పరిశీలించినచో అది చాలవరకు బోధనమార్గమే యని తేలును.

ఈ వ్యాసమున నేను ప్రతిపాదింపదలచినది ఇంతియే. ఈ సీమలో పద్యనాటకమును నిలిపినది ప్రదర్శనముల సంఖ్య కాదు. నిత్యపాఠమునకును వేదికకును నడుమనున్న సంబంధము. ఆ సంబంధము గట్టిగా నున్నదో, సడలినదో తెలిసికొనుటకు సులభమైన గురుతు ఒకటి కలదు. నాటకము జరుగుచున్నపుడు గురువు ఎచ్చట నిలిచియున్నాడు? ఈ ప్రశ్న వేసికొని చూచినచో మూడు పద్ధతులు మన కన్నులకు కట్టును.

కాలక్రమమున మొదటిది కూచిపూడి పద్ధతి. పామర్రునుండి చల్లపల్లికి పోవు దారిలో, మొవ్వకు సమీపమున, పూర్వపు దివి తాలూకాలో నుండిన గ్రామమిది. సిద్ధేంద్రయోగి ఈ ఊరి భాగవత కుటుంబములవారిచేత, పుట్టిన ప్రతి మగపిల్లవాడును జీవితములో ఒక్కమారైన సత్యభామ వేషము కట్టవలెనని ప్రమాణము చేయించెనని ఐతిహ్యము. ఐతిహ్యపు చారిత్రకత యెట్లున్నను, విద్యాదృష్టితో చూచినచో దాని అర్థము గంభీరమైనది. ఊరికంతటికిని ఒకే పాఠ్యగ్రంథము. అందరికిని ఒకే పరీక్ష. ఆ పరీక్షకు కూర్చుండువాడు అడుగులు నేర్చిన మాత్రమున చాలదు. దరువు పాడవలెను. పద్యము చదువవలెను. సంభాషణము పలుకవలెను. తెరవెనుకనుండి జడను ముందుకు వేసి ప్రవేశదరువుతో సభకు వచ్చు క్షణముననే తాను సత్రాజిత్తు కూతురనని చూపరులకు నమ్మకము కలిగింపవలెను. నృత్తము, గీతము, వాచికము వేరువేరు గురువులయొద్ద వేరువేరు గంటలలో నేర్చు విద్యలు కావు. ఒకే యింటిలో, ఒకే నోటినుండి, ఒకే దినమున వచ్చునవి.

ఇక గురువు స్థానము. భామాకలాపమున సూత్రధారుడు తాళములు చేతబట్టి వేదికమీదనే నిలుచును. అతడే నట్టువాంగము సాగించును. అతడే సత్యభామ చెలికత్తెయైన మాధవియై ఆమెతో మాటలాడును. అనగా శిష్యుడు సభలో తొట్రుపడినచో దానిని సరిదిద్దువాడు ప్రక్కనే యున్నాడు. అదియు చూపరులకు తెలియకుండ, పాత్రలో నుండియే. ఒక ప్రశ్న అడిగి మరచిన మాటను జ్ఞప్తికి తెప్పింపగలడు. తాళము కొంచెము నిలిపి ఊపిరి తీసికొనుటకు వ్యవధి యీయగలడు. ప్రదర్శనమే పాఠమగు పద్ధతికి ఇంతకంటె స్పష్టమైన నిదర్శనము మన నాట్యచరిత్రలో అరుదు. చింతా వెంకటరామయ్యగారి పేరిట వెలసిన వెంకటరామ నాట్యమండలి, వేదాంతం లక్ష్మీనారాయణశాస్త్రిగారి శిష్యపరంపర, ఈ పద్ధతిని 20వ శతాబ్ది నడిమి వరకు కాపాడినవి.

రెండవ పద్ధతి ఆంగ్లవిద్యతో వచ్చినది. దాని పుట్టుకను తెలిసికొనుటకు ఒక్కమారు గోదావరీతీరమునకు పోవలసియున్నది. 1880లో ధార్వాడ నాటకసమాజమువారు రాజమహేంద్రవరమునకు వచ్చి ప్రదర్శనములిచ్చి పోయిన పిమ్మట, అచ్చట తెలుగు బోధించుచున్న కందుకూరి వీరేశలింగము పంతులుగారు తమ విద్యార్థులచేత నాటకములాడించిరి. ఆధునికాంధ్ర రంగస్థలమునకు ఆద్యులుగా ఆయనను తలచి, ఆయన జన్మదినమైన ఏప్రిలు 16ను తెలుగు నాటకరంగ దినోత్సవముగా జరుపుకొనుచున్నాము. కాని ఆ సంఘటనలో మనము మరచునది ఒకటి కలదు. మన తొలి ఆధునిక నాటకసమాజము ఒక తరగతి. మన తొలి నటులు విద్యార్థులు. మన తొలి ప్రయోక్త ఒక తెలుగు పండితుడు.

ఆ కాలముననే బళ్లారిలో ధర్మవరము రామకృష్ణమాచార్యులుగారు 1886లో ‘చిత్రనళీయము’తో పాటలు, పద్యములు నిండిన నాటకమునకు దారితీసిరి. అప్పటినుండి తెలుగునాట నాటకమనగా సంగీతనాటకమే యైనది. వచనమును కంఠస్థము చేయించుట ఏ ఉపాధ్యాయునికైనను సాధ్యమే. పద్యమును రాగయుక్తముగ, అర్థము చెడకుండ, పాత్రకు తగినట్లు చదివించుట సాధ్యమగునది ఛందస్సును, శ్రుతిని రెండింటిని ఎరిగినవానికి మాత్రమే. అట్టి పండితులు బందరులో నుండుట ఈ సీమ అదృష్టము.

బందరు పాత రేవుపట్టణము. 1843లో రాబర్టు నోబుల్ దొర ఇచ్చట ఆంగ్లపాఠశాల స్థాపించెను. అదియే పిమ్మట నోబుల్ కళాశాలయైనది. హిందూ ఉన్నతపాఠశాల దాని ప్రక్కన పెరిగినది. 1855 నాటికి బెజవాడయొద్ద ఆనకట్ట పూర్తియైన తరువాత కాలువలు పల్లెలకు నీటిని, పంటను, పడవలను తెచ్చినవి. పల్లెలలో పండిన ధాన్యము పట్టణములో చదువైనది. దివిసీమనుండియు, గుడివాడ పరిసరములనుండియు పిల్లలు బందరు వచ్చి వారములు చేసికొనియో, బంధువుల యిండ్ల నుండియో చదువుకొనిరి. అట్టి విద్యార్థులకు 20వ శతాబ్ది ఆరంభదశకములలో హిందూ ఉన్నతపాఠశాలలో తెలుగు చెప్పినవారు చెళ్లపిళ్ల వేంకటశాస్త్రిగారు.

తిరుపతి వేంకటకవులు రచించిన పాండవనాటకములను గూర్చి ఎంతయో వ్రాయబడినది. అవి నాటకలక్షణములకు ఎంతవరకు నిలుచునను విమర్శయు జరిగినది. కాని ఆ పద్యములు చదువురాని రైతు నోటికి సైతము ఎక్కుటకు కారణము, అవధానసభలలో వేలకొలది శ్రోతలను చూచిన కవియు, తరగతిలో నలుబదిమంది బాలురను చూచిన ఉపాధ్యాయుడును ఒక్కరే యగుట కావచ్చునని నా అభిప్రాయము. బాలుడు ఎచ్చట ఊపిరి తీసికొనునో, ఎట్టి సమాసమునొద్ద నాలుక తడబడునో నిత్యము వినువాడు వ్రాసిన పద్యమది. అందు దీర్ఘసమాసములు లేకపోలేదు. కాని రాయబారమున పలుకవలసిన తావునకు వచ్చుసరికి పద్యము మాటవలె నడచును. పద్యము మాటయైనపుడే అది నాటకమగును.

ఈ బోధనమునకు ఫలము శిష్యులలో కనబడుచున్నది. పింగళి లక్ష్మీకాంతముగారు (1894–1972) చిట్టూర్పు గ్రామమునకు చెందిన కుటుంబమువారు. బందరులో చదివి చెళ్లపిళ్లవారి శిష్యులైరి. పాండవోద్యోగ విజయములలో ధర్మరాజుగను, ముద్రారాక్షసమున రాక్షసమంత్రిగను నటించి మెప్పించిరి. వారే పిమ్మట నోబుల్ పాఠశాలలో ఉపాధ్యాయులై, ఆంధ్ర విశ్వకళాపరిషత్తులో తెలుగు ఆచార్యులైరి. మన విశ్వవిద్యాలయములలో తెలుగు పాఠమునకు తొలి రూపము దిద్దినవారిలో ఒకరు ముఖమునకు రంగు పూసికొని వేదిక యెక్కినవారే యను సంగతి పరిశోధక విద్యార్థులు గుర్తుంచుకొనదగినది.

1910లో కోపల్లె హనుమంతరావుగారు మొదలగువారు బందరులో స్థాపించిన ఆంధ్రజాతీయకళాశాలకు గూడ ఈ చరిత్రలో చోటు కలదు. పింగళి నాగేంద్రరావుగారు (1901–1971) అచ్చటి విద్యార్థి. వారు బందరులోని ఇండియన్ డ్రమెటిక్ కంపెనీకి రచయితయు కార్యదర్శియునై ‘మేవాడు పతనము’, ‘జేబున్నీసా’, ‘వింధ్యరాణి’ మొదలగు నాటకములను సమకూర్చిరి. ‘పాతాళభైరవి’ (1951), ‘మాయాబజారు’ (1957) చిత్రములలో ఆయన మాటలు వినినవారు ఆ పలుకుబడి వెనుక రంగస్థలపు శిక్షను సులభముగా గుర్తింపగలరు.

పాఠశాలలో సంగీతనాటకము ఆడించుట యెంత కష్టమో తెలిసికొన్నగాని ఈ ఉపాధ్యాయుల సేవ విలువ తెలియదు. మొదటి చిక్కు గొంతు. పదుమూడు, పదునాలుగేండ్ల వయస్సున బాలుని కంఠము మారును. దసరా నాటికి శ్రీకృష్ణునిగా ఎన్నుకొన్న బాలుడు వార్షికోత్సవము నాటికి పై షడ్జమము అందుకొనలేడు. అప్పుడు శ్రుతి దించవలెను, లేక పాత్ర మార్చవలెను. రెండవది హార్మోనియము. దాని ధ్వనియందు లీనమై బాలుడు రాగమునకే అలవాటుపడి, అర్థమును విడుచును. మంచి గురువు మొదటి నెలదినములు హార్మోనియము ముట్టనీయక పద్యమును వట్టిమాటగా చదివించి, అన్వయము చెప్పించి, పిమ్మట రాగము చేర్చును. మూడవది ‘వన్స్ మోర్’. సభవారు కోరినచో యుద్ధమున పడిపోయినవాడు లేచి మరల పద్యము పాడు ఆచారము వృత్తిరంగస్థలమున ఉండెను. బడినాటకమున దానికి తలయొగ్గుటయా మానుటయా యనునది ఉపాధ్యాయుని నిగ్రహమునకు పరీక్ష. వీనికి తోడు అద్దె కిరీటములు, భుజకీర్తులు, పెట్రోమాక్సు దీపములు, బల్లలు చేర్చి కట్టిన వేదిక, చందాలు.

ఇన్ని సమకూర్చిన పిమ్మట నాటకమునాడు గురువు ఎచ్చట నుండును? ప్రక్కతెర వెనుక, పుస్తకము చేతబట్టి. కూచిపూడి సూత్రధారునివలె ఆయన చూపరులకు కనబడడు. కాని శిష్యునికి ఆయన గొంతు వినబడుచునే యుండును. ఒక్క అడుగు వెనుకకు జరిగినను సంబంధము తెగలేదు. ఇది రెండవ పద్ధతి.

ఈ పద్ధతి ఒక తరమునుండి మరియొక తరమునకు పోయిన విధమునకు ప్రసిద్ధమైన దృష్టాంతమొకటి కలదు. చెళ్లపిళ్లవారి శిష్యులైన విశ్వనాథ సత్యనారాయణగారు విజయవాడ ఎస్.ఆర్.ఆర్. కళాశాలలో తెలుగు శాఖ నిర్వహించుచుండగా, నిమ్మకూరునుండి వచ్చిన విద్యార్థి నందమూరి తారకరామారావుచేత ‘రాచమల్లు దౌత్యము’ అను నాటకమున నాగమ్మ వేషము వేయించిరి. ఆ విద్యార్థి మీసము తీయుటకు ఒప్పుకొనలేదు. మీసముతోడనే వేషము వేసి ‘మీసాల నాగమ్మ’ అని పేరొందెను. దీనిని హాస్యకథగా చెప్పుకొనుటయే పరిపాటి. కాని దీనిని కూచిపూడి ప్రమాణముతో పోల్చి చూడుడు. ఒకచోట ప్రతి బాలుడును స్త్రీపాత్ర ధరింపవలెనను కట్టుబాటు. దానికి ఇరువది మైళ్ల లోపున పుట్టిన మరియొక బాలునికి ఆ పాత్ర తనకు తగదను పట్టుదల. గురువు వానిని వెళ్లగొట్టలేదు. శిష్యుడు వేదిక దిగలేదు. పురుషులు స్త్రీపాత్రలు ధరించు సంప్రదాయము అంతరించుచున్న సంధికాలమును ఈ చిన్న సంఘటన చక్కగా పట్టి చూపుచున్నది.

గుడివాడ ప్రాంతమున కథ వేరొక త్రోవ పట్టినది. ఆ పట్టణమునకు దాపుననున్న రామాపురమున పుట్టిన అక్కినేని నాగేశ్వరరావుగారికి బడిచదువు ఎక్కువకాలము సాగలేదు. బాల్యముననే నాటకములలో ప్రవేశించి స్త్రీపాత్రలతో పేరు తెచ్చుకొనిరి. పెయ్యేరువాసులైన దుక్కిపాటి మధుసూదనరావుగారి ఎక్సెల్షియర్ సమాజము ఆయనకు అభ్యాసస్థానమైనది. దుక్కిపాటివారు పట్టభద్రులు, అక్కినేనివారు బడి మానినవారు. కాబట్టి ఇచ్చట సమాజమే పాఠశాల యైనది. ఉచ్చారణ, నడక, నలుగురిలో మెలగు తీరు ఇవి యన్నియు ఆ బాలుడు నాటకశిక్షలోనే నేర్చెను. 1951లో వారిరువురును కలసి అన్నపూర్ణా సంస్థను నెలకొల్పిరి. 1950లో గుడివాడలో ఏర్పడిన కళాశాలకు అక్కినేనివారు విరాళమిచ్చిరి. అది వారి పేరనే నేడు పిలువబడుచున్నది. బడి మాని నాటకములో చదువుకొన్నవాడు, నాటకము పెట్టిన సంపదతో ఊరికి కళాశాల నిలుపుట! రంగస్థలమును విద్యగా పరిగణించుటకు ఇంతకంటె వేరు వాదము అక్కరలేదు.

అయినను ఈ చరిత్రను పొగడి ఊరకుండుట న్యాయము కాదు. ఈ విద్య అందరికిని అందలేదు. కూచిపూడి విద్య కొన్ని కుటుంబముల మగపిల్లలకే పరిమితమై యుండెను. బందరు ఉన్నతపాఠశాలలో ద్రౌపదియైనను, సత్యభామయైనను బాలుడే. వేదికమీద స్త్రీ కన్నీరు కార్చినది గాని, తరగతిలో ఆమెకు బల్ల లేదు. సంస్కృతసమాసము పలుకగల కులముల పిల్లలకు రాజవేషములును, తక్కినవారికి భటవేషములును దక్కుట ఆశ్చర్యము కాదు. 1943లో ప్రజానాట్యమండలి ఏర్పడి బుర్రకథను, జానపదరూపములను, వాడుకమాట నాటకములను పల్లెలకు తెచ్చినపుడు ఈ సీమ యువకులు దానివైపు మొగ్గుటకు ఇదియు ఒక కారణము. పద్యనాటకము బడిలో తలుపులు మూసికొన్నందున, నూతననాటకము బడి బయట పందిరి వేసికొన్నది.

తలుపులు తెరచుటకు ప్రయత్నము కూచిపూడిలోనే మొదలగుట గమనింపదగినది. 1950లు ముగియు నాటికి బందా కనకలింగేశ్వరరావుగారి కృషితో సిద్ధేంద్ర కళాక్షేత్రము వెలసినది. నటులు, న్యాయవాదియునైన బందావారు ఇంటివిద్యను సంస్థావిద్యగా మార్చుట అవసరమని గ్రహించిరి. 1985లో తెలుగు విశ్వవిద్యాలయము స్థాపితమైన పిమ్మట ఆ సంస్థ దాని ఆధీనమునకు వచ్చినది. బాలికలకును, అన్ని కులములవారికిని విద్య అందినది. వెంపటి చినసత్యముగారు 1963లో మద్రాసున స్థాపించిన కూచిపూడి ఆర్టు అకాడమీ నృత్యనాటకమునకు దేశదేశముల కీర్తి తెచ్చినది. ఇది గొప్ప లాభము. నష్టమును కూడ చెప్పవలెను. గంటల పట్టికలో నృత్తమొక గంట, సంగీతమొక గంట యైనవి. గాయకుడు వేరు, నర్తకి వేరు. తానే పాడి, తానే పలికి, తానే ఆడు నటుడు అరుదైనాడు. ఏకపాత్రనృత్యము పెరిగినకొలదియు, తెల్లవారుదాక సాగు యక్షగానమునకు అవకాశము తగ్గినది. వాచికము మొదట సన్నగిల్లినది.

సాధారణ పాఠశాలలలో ఈ విడివడుట మరింత స్పష్టము. 2005 నాటి జాతీయ పాఠ్యప్రణాళికా చట్రము సంగీతము, నృత్యము, చిత్రలేఖనములతోపాటు నాటకమును పదవ తరగతి వరకు విద్యలో భాగము చేయవలెనని చెప్పినది. 2015లో ప్రారంభమైన కళా ఉత్సవములో నాటకమునకును చోటు లభించినది. ఉద్దేశములు మంచివే. కాని పల్లె ఉన్నతపాఠశాలకు పోయి చూచినచో, వార్షికోత్సవమునకు పదిదినముల ముందు మాత్రమే వేదిక జ్ఞప్తికి వచ్చుచున్నది. ముద్రితమైన పాట యంత్రమునుండి వచ్చును. పిల్లలు పెదవులు కదపకుండ అడుగులు వేయుదురు. ఉపాధ్యాయుడు సభలో ముందువరుసలో కూర్చుండి సెల్‌ఫోనుతో చిత్రము తీయుచుండును. ఇది మూడవ పద్ధతి. గురువు వేదికనుండి ప్రక్కతెరకును, ప్రక్కతెరనుండి కుర్చీకిని వచ్చినాడు. శిష్యునికి ఇప్పుడు ఆయన గొంతు వినబడదు. దోషము ఆయనది కాదు. పరీక్షల ఒత్తిడియందు పద్యము వినుటకు ఆయనకు గంట మిగులలేదు.

కొన్ని యేండ్ల క్రిందట ఈ సీమలోని ఒక ఉన్నతపాఠశాలకు నేను పాత నాటకప్రదర్శనముల వివరములకై పోయితిని. కార్యాలయమున అట్టి కాగితములేవియు లేవు. ప్రయోగశాల ప్రక్కగదిలో విరిగిన బల్లల క్రింద హార్మోనియము పెట్టె యొకటి చూపిరి. మెట్లు ఊడియున్నవి, తిత్తిని చెదలు తినివేసినవి. మూతలోపల ఎవరో బాలుడు కాబోలు, పాత్రల పేర్ల జాబితా మేకుతో గీసియున్నాడు: ధర్మరాజు, భీముడు, అర్జునుడు. ఎదుట వేషధారుల పేర్లు సగము చెరిగినవి. చెప్పినవారి పేరు అసలే లేదు. ఈ వ్యాసము వ్రాయవలెనను సంకల్పము నాకు అచ్చట కలిగినది.

దివిసీమను తలచినపుడు మరియొక సంగతి జ్ఞప్తికి వచ్చుచున్నది. 1977 నవంబరు 19న వచ్చిన ఉప్పెన ఆ దీవిని ముంచివేసి వేలకొలది జనమును బలిగొన్నది. బాధితుల సహాయార్థము నందమూరి, అక్కినేని ఇరువురును జోలె పట్టి విరాళములు ప్రోగుచేసిరి. గుడివాడ, పామర్రు పొలములనుండి పోయినవారు తిరిగి తమ సీమకు నటులుగనే వచ్చిరి. జనము వారిని పోల్చుకొనినది నాటకము నేర్పిన గొంతులతోనే. ఉప్పెన పిమ్మట తీరగ్రామములలో కట్టిన తుపాను రక్షణభవనములు పలుచోట్ల పాఠశాలలుగ గూడ ఉపయోగపడినవి. చదువునకును, ప్రాణరక్షణకును ఒకే కప్పు చాలినపుడు, ఆ కప్పు క్రింద ఒక వేదికకు చోటుండదా?

పరిశోధక విద్యార్థులకు ఈ విషయమున చేయదగిన పని చాల కలదు. పాత పాఠశాల పత్రికలను, వార్షికోత్సవ ఆహ్వానములను, చందాపుస్తకములను గ్రామగ్రామమున వెదకవలెను. ఎనుబదేండ్లు దాటిన పూర్వవిద్యార్థులచేత పద్యములు చదివించి, రాగముతోకూడ ముద్రించి భద్రపరుపవలెను. ఏ పద్యము ఏ రాగమున, ఏ గురువు చెప్పెనో వ్రాసికొనవలెను. ఆడువారికి, అట్టడుగు కులములవారికి వేదిక ఎన్నడు, ఏ బడిలో మొదట అందెనో తేల్చవలెను. ఉపాధ్యాయులైన పాఠకులకు నా మనవి యొక్కటే. ఏటికొక గొప్ప ప్రదర్శనము అవసరము లేదు. వారమునకొక గంట, హార్మోనియము లేకున్నను సరియే, ఒక పద్యమును ఒక బాలికచేతనో బాలునిచేతనో మాటగా చదివించి, పిమ్మట పాడించి, నాలుగడుగులు నడిపింపుడు. నాటకము నాడు ప్రక్కతెర వెనుక నిలువుడు. చరిత్రలో మన పేరుండకపోవచ్చును. శిష్యునికి మన గొంతు వినబడిన చాలును.